సున్నం పూసిన రాళ్ళు

మంగళవారం. పొద్దటి నుంచి తుప్పర. సైకిల్ చైన్‌కు నూనె పెట్టాను.

మా ఊరి మూలమలుపు దగ్గర ఒంటరిగా ఉండే మేనత్త శనివారం పోయింది. నాన్నకు సొంత చెల్లెలు కాదు, వరసకు మేనత్త. వాన మొదలైతే, రోడ్డు మీద ఆరబోసిన మొక్కజొన్నల మీద పట్టా కప్పడానికి ఉరికి, అక్కడే కూలిపోయింది. గాలికి పట్టా సగం ఆమె మీదికి మళ్ళింది. బండ్లు పక్కనుంచి పోతూనే ఉన్నాయి. నేను ఆ రోజు వైరాలో చుట్టాలింట్లో ఉన్నాను. దహనం కాడ పాలబండి డ్రైవర్ నాతో అన్నాడు: "మక్కల కుప్ప అనుకున్ననే అన్నా. సున్నం రాళ్ళు దూరంకెల్లే కనబడ్డయ్. బండి పక్కకు తిప్పుకొని పోయిన."

ఆ రాళ్ళకు సున్నం ఎందుకుందో అతనికి తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

అడవి అంచున జామాయిల్ నర్సరీలో కూలీల హాజరు రాయడం నా పని. నేను బడికి పోలేదు. బస్సుల బోర్డులు, ఎరువుల సంచుల మీది అక్షరాలు చూసి కూడబలుక్కున్నాను. ఈ పని పోతే నాకు ఇంకో రాతపని ఎవరూ ఇవ్వరు. పొద్దున ఆ దారిలో బస్సు లేదు. ఆటో నిండితే గాని కదలదు. సైకిలే దిక్కు.

మా దగ్గర గింజలు రోడ్డు మీదే ఆరబోస్తాం. బండ్లు తొక్కకుండా చుట్టూ రాళ్ళు పెడతాం. సాయంత్రం గింజలు ఎత్తుకుంటాం, రాళ్ళు మరిచిపోతాం. కిందటేడు అట్లా మరిచిన ఒక రాయి మీదికి, మసక వెలుతురులో దిగుడు దిగుతూ సైకిల్ ఎక్కించాను. మణికట్టు విరిగింది. మోకాలు చీరుకుపోయింది. ముందుగా వచ్చింది అత్తే. రాయిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"రాయికేం కాలే," అన్నది. తర్వాత నన్ను లేపింది.

ఆ రాయి ఆమెదే. ఆ మాట ఎన్నడూ ఒప్పుకోలేదు.

ఖమ్మం దవాఖానాలో కట్టు విప్పాక చెయ్యి బాగానే ఉంది, కాళ్ళే మాట వినలేదు. పెడల్ మీద కాలు పెడితే ఒళ్ళంతా వణుకు. నర్సరీ దాకా సైకిల్‌ను నడిపించుకుంటూ పోయేవాణ్ణి. రోజూ ఆలస్యమే. "సోమారం నుంచి టైంకు రాకుంటే వేరేటోన్ని పెట్టుకుంట," అన్నాడు సూపర్‌వైజర్.

అత్త ఇంటి ముందే ఆటోలు ఆగుతాయి. అందరూ వినేటట్టే అడిగేది.

"ఏందిర అల్లుడ, సైకిల్‌ను దవాఖానకు తోల్కపోతున్నవా?"

"చెయ్యి నొస్తందత్తా."

"చెయ్యితోని తొక్కుతవార సైకిల్?"

ఆటో ఎక్కిన వాళ్ళు కూడా దిగి నవ్వారు. "పడ్డోడు చెడ్డోడు కాదంటరు. మావోడు ఉత్త ఎడ్డోడు," అన్నది.

ఒకరోజు హ్యాండిల్‌కు తగిలించిన నా సద్దిగిన్నె లాక్కున్నది.

"ఎనకకు పోయి, ఎక్కి రా. అప్పుడిస్త."

"టైమైతంది, ఇయ్యత్తా."

"నడిచెటోనికి తిండెందుకుర? కుక్కకు పెడ్త."

పెట్టింది. నా కళ్ళ ముందే మూత తీసి, అన్నమూ చింతకాయ తొక్కూ కుక్క ముందు కుమ్మరించింది. మరునాడూ అంతే. ఇంట్లో నా భార్య ఏడ్చింది. "దిక్కులేని చావు చస్తది," అని తిట్టింది. అత్త పోయిన శనివారం నుంచి నా భార్య ఎవరితోనూ మాట్లాడటం లేదు.

సూపర్‌వైజర్ చెప్పిన ఆ సోమవారం పొద్దున సైకిల్ ఎక్కాను. ధైర్యంతో కాదు, కోపంతో. గిన్నె చొక్కా లోపల పెట్టుకున్నాను. దిగుడులో మలుపు తిరగగానే మొక్కజొన్నలు, చుట్టూ రాళ్ళు. అన్నిటికీ తెల్లగా సున్నం. ఊళ్ళో ఇంకెవరి రాళ్ళకూ సున్నం లేదు. పళ్ళు బిగబట్టి వాటి పక్కనుంచి దాటాను.

శభాష్ అంటుందేమో అనుకున్నాను. "గాడిద లెక్క ఒర్రుతందిర! ఆ చైన్‌కు ఇంత నూనె పెట్టుకో," అని వెనక నుంచి అరిచింది.

సాయంత్రం ఆగి అడిగాను. "రాళ్ళకు సున్నమేందత్తా?"

"ఇంటికేసింది మిగిలింది. పారబోస్తనా?"

ఆమె వెనక గోడలు కనిపిస్తూనే ఉన్నాయి. పెచ్చులూడి, నల్లగా. ఆ ఏడు వాటికి సున్నం పడలేదు.

పని నిలబడింది. ప్రతి వాన తర్వాత ఆ రాళ్ళకు మళ్ళీ సున్నం పడేది. నేను దాటిన ప్రతిసారీ ఒక తిట్టు పడేది. తిట్టు వినపడితే మలుపు దాటినట్టే అని నా కాళ్ళకు అలవాటైంది.

ఇవాళ పొద్దున తిట్టు లేదు. మలుపు దాటాక చాలా దూరం కాళ్ళు బిగుసుకునే ఉన్నాయి.

ఆమె మొక్కజొన్నలు ఎవరూ ఎత్తలేదు. పట్టా కింద మొలకలొచ్చాయి. రాళ్ళు అట్లనే ఉన్నాయి. తుప్పరకు సున్నం కరిగి తారు మీద తెల్లటి చార కట్టి కాలువలోకి పోతోంది. బండ్లు ఇంకా దూరం నుంచే చూసి పక్కకు తప్పుకుంటున్నాయి. నర్సరీ నుంచి వస్తూ అక్కడ దిగాను. సైకిల్‌కు స్టాండు వేశాను. ఒక రాయి ఎత్తి గోడ పక్కన పెట్టాను. అరచెయ్యి తెల్లబడింది. రెండోదీ ఎత్తి దాని పక్కన పెట్టాను.