తాలుకాయల కానుక

మా మేనత్త ఇక లేదన్న కబురు, గుంటూరులో చర్చాపోటీ గెలిచి నేను వేదిక దిగుతుండగా అందింది. ఆ రోజు నలుగురు ప్రత్యర్థులను నిరుత్తరులను చేశాను. నేను ఒక్కసారైనా గెలవలేకపోయిన మనిషి మాత్రం, ప్రకాశం జిల్లాలోని తన ఊళ్ళో కన్నుమూసింది. దుఃఖం కంటే ముందు నాకు కలిగింది అసూయ. ఆమెను గురించి నిజం రాయాలంటే అక్కడే మొదలుపెట్టాలి.

మామయ్య పోయాక అత్త ఒంటరిగా కౌలుకు మిరప వేసేది. మూడేళ్ళ క్రితం తామరపురుగు తోటను ఊడ్చేసింది. మిగిలినవి రంగు వెలిసి తెల్లబారిన తాలుకాయలు. మా చర్చిలో కోత పండుగకు తొలి కోతలోని మేలిమి కాయలు ప్రభువు బల్ల ముందు కానుకగా పెడతారు. పంట పోయినవాళ్ళు పరువు కోసం పక్క చేలో అడిగి తెచ్చి పెడతారు. అత్త తాలుకాయల బుట్టతోనే అందరి మధ్యా నడిచింది. నేను సిగ్గుతో చితికిపోయాను.

"దేవుడికి తాలు పెడతావా అత్తా?"

"ఈ ఏడు నా దగ్గరున్నది ఇదేగా. అరువు కాయలు పెడితే ఆయన కనిపెట్టడా ఏంటే?"

"మరి ఆయన నీ తోటనెందుకు కాపాడలేదు?"

"రోజూ అదే అడుగుతున్నా. చెప్పట్లా."

"చెప్పనివాణ్ణి ఎలా నమ్ముతావ్?"

"నువ్వు వారమేసి రోజులు ఫోనెత్తవు. నువ్వు లేవనుకున్నానా?"

కాయలకు తొడిమలు తీస్తూ ఆమె దేవుడితో మెల్లగా మాట్లాడేది: వాన గురించి, మోకాలి నొప్పి గురించి, నా నోటి దురుసు గురించి. పక్కనే కూర్చున్న నేను ఆ మాటల్లో పరాయిదాన్ని. దేవుడు ఉన్నాడనీ, లేడనీ, రెండు పక్షాలా వాదించగలను. ఏ పక్షమూ నాకు నెమ్మదినివ్వలేదు. ఆమె మాత్రం ఎండిన చేను చూసి వచ్చి, కంచం ముందు స్తోత్రం చెప్పుకొని కడుపారా తినేది. అలా తినగలగడమే నేను సహించలేకపోయాను.

చివరిసారి ఆసుపత్రిలో చూసినప్పుడు ఆమె పెదవులు కదులుతున్నాయి.

"నీ గురించే చెప్తున్నా" అంది.

"నన్నడక్కుండా నా తరఫున వాదించడానికి నువ్వెవరు?" అని కసిరాను.

"వాదించడానికి నువ్వున్నావ్‌గా. బతిమాలడానికి నేను" అని నవ్వింది.

సమాధి చేసి వచ్చాక ఆమె గదిలో ఒక మూట కనిపించింది. కోత పండుగకని విడిగా కట్టి ఉంచిన తొలి కోత. ఈసారి కాయలు నిగనిగలాడుతున్నాయి. అవి పట్టుకెళ్ళి పెడితే నా బాధ్యత తీరేది. కానీ అవి ఆమె కోసిన కాయలు. నేను నావిగా పెడితే అరువు కాయలే.

పండుగనాడు ఉదయం అత్త తోటలోకి వెళ్ళి నా చేత్తో ఒక్క కాయ కోశాను. సగం తెల్లబారిన తాలుకాయ. చర్చిలో ఆమె మూటను ఆమె పేరు మీదే విప్పి, ఆ ఎర్రటి రాశికి జానెడు దూరంలో నా కాయ పెట్టాను.

"ఈ ఏడు నా దగ్గరున్నది ఇదే" అన్నాను.

బల్ల ముందే నిలబడ్డాను. పైన తిరుగుతున్న ఫ్యాను గాలికి ఆ తేలికపాటి కాయ దొర్లుతూ, దొర్లుతూ, అత్త కాయల దగ్గర ఆగింది.