ఎంగిలి కుండ

ప్రొద్దుటూరులో మా వీధిలో ఇంటికి రెండు చెత్త డబ్బాలు ఇచ్చారు మునిసిపాలిటీవాళ్ళు. పచ్చది తడి చెత్తకు, నీలంది పొడి చెత్తకు. జమ్మలమడుగు బడికి పోయే తొందరలో ఆ సంగతి మా అత్తగారి చెవిన వేసి బస్సెక్కాను. ఆమె తలూపింది. నేను నమ్మాను, అదీ నా తెలివి.

మామగారు గుడిలో పూజారిగా చేసి పోయారు. ఆయన పోయినా అత్తగారి మడి పోలేదు. మడిబట్ట కట్టుకుని ఇంటిల్లిపాదికీ ఆమే వండుతుంది. విస్తరాకుల్లో తిని నేను బడికి, మా ఆయన పులివెందుల ఆఫీసుకు పోతాం.

ఆదివారం చెత్త బండి ఆమె వచ్చి మూతలు తీసింది. పచ్చ డబ్బాలో కూరగాయ తొక్కలు, పాల కవర్లు, చిరిగిన పేపరు. నీలం డబ్బాలో తిన్న ఆకులు, నమిలిన మునక్కాయ పిప్పి, చుట్టాలు కాఫీ తాగి పడేసిన కాగితం కప్పులు.

"ఏందవ్వా ఇది? రెండిట్లోనూ అన్నీ కలిపేసినావు!"

"కలిపింది యాడ? ఇది ఎంగిలి, ఇది ఎంగిలి కానిది. ఒక్క మెతుకన్నా ఇటు పడిందేమో చూడు!" అంది అత్తగారు.

నిజమే, ఒక్క మెతుకు కూడా పడలేదు. బండి ఆమె మాత్రం "ఇట్లయితే నేను తీసుకోనక్కా" అని నాతో చెప్పి బండి ముందుకు తోసుకుపోయింది. రెండు డబ్బాలూ గడప ముందే మిగిలాయి.

నాకు తిక్క రేగింది. ఇక నా కళ్ళ ముందే ఉండాలని రెండూ తెచ్చి వంటింట్లో పెట్టాను.

"అన్నం వండే చోట ఎంగిలి తెచ్చి పెడతావా? ఈడ నేను వండను" అంది అత్తగారు. సాయంత్రానికల్లా చిన్న పొయ్యి, మడిగిన్నెలు వెనక వసారాలోకి చేరాయి. అక్కడ తన మటుకు వండుకోవడం మొదలుపెట్టింది. గాలికి మంట ఆరిపోతుంటే చాట అడ్డం పెట్టుకునేది, పిలిచినా లోపలికి వచ్చేది కాదు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగితే మా వైపు వేరు పడ్డారంటారు. మా ఆయన అటొక ముద్ద, ఇటొక ముద్ద తిని, "మీరూ మీరూ తేల్చుకోండి" అని టీవీ ముందు కూర్చున్నాడు. మహానుభావుడు! ఆమె ఆ గాలిలో ఒక్కతే కూర్చుని తినడం చూస్తే నాకు ముద్ద దిగేది కాదు. అలాగని డబ్బాలు బయట పెట్టడానికి పంతం అడ్డం వచ్చేది.

తడి చెత్తను ఇంట్లోనే ఎరువు చేస్తే డబ్బా గొడవే ఉండదని బడిలో తోటి టీచరమ్మ చెప్పింది. జమ్మలమడుగులో రెండు మట్టికుండలు కొని బస్సులో సీటు కింద పెట్టుకున్నాను. కండక్టరు నవ్వుతూ "ఏంది టీచరమ్మా, కాపరం మారుస్తాండారా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

అడుగున చిల్లులు పొడిచి కుండలను మిద్దె మీద పెట్టాను. తొక్కలకొకటి, ఎంగిలికొకటి. ఎంగిలి కుండ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టాను. పొరపొరకూ ఎండుటాకులు వేసి, పుల్లమజ్జిగ చల్లాలి. తొక్కల కుండకు అత్తగారే మజ్జిగ ఇచ్చింది. రెండోదానికి అడిగితే చెంబు వెనక్కి తీసుకుంది. మజ్జిగ పడని ఎంగిలి కుండ కుళ్ళి కంపు కొట్టింది. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, దాని మూత ఠపీమని వేసి దిగి వచ్చేదాన్ని.

ఒక సాయంత్రం బట్టలు తీయడానికి మిద్దెక్కితే అత్తగారు అక్కడుంది. ఒక చేత్తో కొంగు ఎత్తి పట్టుకుని, దూరంగా నిలబడి, ఎంగిలి కుండలోకి ఎత్తు నుంచి మజ్జిగ పోస్తోంది.

నన్ను చూసి "కంపు కిందికి వస్తాంది" అంది. అప్పటినుంచి కంపు తగ్గింది.

కుండలు నిండాక మూసి పెట్టాను. వానలు పడి సుద్ద గుర్తు చెరిగిపోయింది. మూతలు తీస్తే రెండిట్లోనూ పొడిపొడిగా నల్లమట్టి.

"అత్తమ్మా, ఎంగిలి కుండ ఏది?" అని నిజంగానే తెలియక అడిగాను.

ఆమె రెండిట్లోంచీ చిటికెడు తీసి వాసన చూసింది. మళ్ళీ చూసింది. "తెలీడంల్యా" అంది. రెండిట్లోంచీ దోసెడేసి తీసి, కిందికి దిగి పెరట్లో పూజకు కోసే కనకాంబరాల మొదట్లో వేసింది. మిగతాది నేను చెట్లకు వేసి, ఖాళీ కుండల్లో ఒకదాని మీద మళ్ళీ ఎంగిలి గుర్తు పెట్టాను.

మర్నాడు పొద్దున్నే చిన్న పొయ్యి వంటింట్లో ఉంది.

"ఆడ గాలికి మంట నిలబడడంల్యా" అంది.

నేను డబ్బాలు రెండూ పెరట్లో పెట్టాను. ఆమె వడ్డించిన అన్నం తిని, బస్సుకు ఆలస్యమై, ఆకు అక్కడే వదిలి పరిగెత్తాను. అత్త తిన్న ఆకు కోడలు తీయాలి. కోడలి ఎంగిలాకు అత్త ముట్టడం మా ఇళ్ళల్లో నేనెక్కడా చూడలేదు.

సాయంత్రం వచ్చేసరికి ఆ చోటు తుడిచి ఉంది. మిద్దెక్కి తొక్కల కోసం పెట్టిన కుండ మూత తీశాను. పొద్దున తరిగిన బీరకాయ చెక్కు మీద నా విస్తరాకు ఉంది, నేను వదిలేసిన మెతుకులతో సహా.

నా కళ్ళు నిండిపోయాయి. కిందికి వచ్చి, "అత్తమ్మా, ఆకు మీరు తీసినారా?" అన్నాను.

"కడుక్కుంటే పోతాది చెయ్యి" అంది ఆమె పొయ్యి వైపే చూస్తూ. "రేపు వస్తా వస్తా మునక్కాయలు తే."