పత్తిలో పిల్ల

నా గొంతు పెద్దది. మా ఇంటా వంటా లేని గొంతు. మా నాన్నగారు మిషన్ బడిలో హెడ్మాస్టరు అయి ఉండి కూడా, అన్నం ముందు కూర్చుని ఉప్పు అడిగితే పక్కనున్న మాకే వినపడేది కాదు. మా అమ్మ ప్రార్థన చేస్తే దేవుడు వంగి వినాల్సిందే. మరి నాకీ గొంతు ఎక్కడిదంటే, ఒక నాటకం ఇచ్చింది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఒకాయన చెవుడు ఇచ్చింది.

ఎనభైల నడుమ సంగతి. మాది చిలకలూరిపేట నుంచి అద్దంకి వెళ్లే దారిలో ఊరు. మా వాళ్ళు చిలకలూరిపేటని ఒట్టి పేట అంటారు. నాకు టీచరు ట్రైనింగు అయిపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు. ఇంట్లో ఊరికే కూర్చుంటే మంచి బుద్ధులు పుడతాయా? హాస్యనాటిక రాశాను.

ఆ రోజుల్లో మా వైపు రైతులు పత్తి తీశాక రేటు నచ్చకపోతే ఇంట్లోనే పోసుకునేవాళ్ళు. ముందు వసారాలో పోస్తారు. అది నిండితే మధ్య గదిలో. ఆఖరికి మంచాలు ఎత్తి గోడకి నిలబెట్టి, పడకగదిలో కూడా పోసి, ఆడవాళ్ళు పెరట్లో వండుకుంటూ, మగవాళ్ళు అరుగు మీద పడుకుంటూ, "రేపు పెరుగుద్ది, ఎల్లుండి పెరుగుద్ది" అని కూర్చుంటారు. నా నాటికలో అలాంటి ఒక మొండి రైతు ఉన్నాడు. పెళ్ళాం ఏమడిగినా ఒకటే మాట, "రేటొచ్చాక చూద్దాం." ఇంట్లో ఈగ దూరేందుకు సందు లేని ఆ టైములో కూతురికి పెళ్ళిచూపులు వస్తాయి. వచ్చినవాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలీక పత్తి మీదే కూర్చోబెడతాడు. వాళ్ళు మెల్లగా అందులోకి దిగబడిపోతుంటారు. అదీ కథ.

నాటికలో కూతురు ఉంది గానీ కనపడదు. ఎందుకంటే ఆడవేషానికి బయటినుంచి ఆర్టిస్టుని పిలిపించుకోవాలి. ఒక్కరిని మించి పిలిపించే తాహతు మా ఊరి నాటక సమాజానికి లేదు. మా ఊరి ఆడపిల్లలు స్టేజీ ఎక్కరు. అంచేత పెళ్ళిచూపుల వాళ్ళు ఎంతసేపు కూర్చున్నా కూతురు "లోపల ముస్తాబవుతోంది", అంతే. ఆ కూతురు వేషం నేను వేస్తానని నాన్నగారిని ఒకసారి అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "రాసుకో, కాదనను. స్టేజీ మాత్రం ఎక్కకు. సంఘంలో ఎవరైనా వచ్చి మీ అమ్మాయి ఇలా చేసిందటగా అని ఒక్క మాట అన్నారంటే ఈ రాయడం కూడా ఆపించాల్సి వస్తుంది," అన్నారు. సంఘమంటే మా చర్చి సంఘం. ఆయన అందులో పెద్ద.

నాకు ఒళ్ళు మండిపోయింది. పంతం పట్టి ఒక పూట అన్నం మానేశాను. ఎవరూ బతిమాలలేదు. రెండో పూట నేనే వెళ్లి వడ్డించుకు తిన్నాను. కానీ ఆయన మాటలో రెండో సగం మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. వేషం పోతే పోయింది. రాయడం పోతే ఇక నాకంటూ ఏముంటుంది?

మా సమాజానికి పెద్ద దిక్కు పేటలో పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు ఫిట్టరు. దర్శకుడూ ఆయనే, మొండి రైతు వేషమూ ఆయనదే, తెర కూడా ఆయనదే. షిఫ్టు దిగి సైకిలు మీద వచ్చేవాడు, నెత్తి నిండా దూది. ఏళ్ళ తరబడి యంత్రాల మధ్య నిలబడి ఆయనకి సగం చెవుడు వచ్చింది. ఆయన గుసగుసలాడితే వీధి చివర కుక్కలు లేచేవి. డైలాగులు బట్టీ పట్టే ఓపిక ఆయనకి లేదు. "మాట అందించే మనిషి ఉండగా బట్టీ ఎందుకమ్మా?" అనేవాడు. ఆ అందించే పని నాకిచ్చారు. స్టేజీ ఎక్కక్కర్లేదు గదా అని నాన్నగారు కూడా ఒప్పుకున్నారు.

రిహార్సల్సు సాయంత్రాలు బడి వసారాలో జరిగేవి. నేను మామూలుగా అందిస్తే ఫిట్టరు గారికి వినపడేది కాదు. "ఆఁ?" అనేవాడు. గొంతు పెంచాను. "ఆఁ?" ఇంకా పెంచాను. అలా పెంచి పెంచి మిల్లు సైరన్ దాకా వెళ్లాను. వింత ఏమిటంటే, కొన్నాళ్ళకి అదే మా అందరికీ అలవాటైపోయింది. నేను అరవడం, ఆయన దాన్నే మళ్ళీ అనడం, మిగతావాళ్ళకి అసలు నా అరుపు వినపడనట్టే ఉండేది. రైలు కట్ట పక్కన కాపురం ఉండేవాళ్ళకి రైలు వినపడదంటారే, అలాగన్నమాట.

నాటికకి పత్తి కావాలి. బడి వెనక ఇంటి రైతు ఒకాయన, నిజంగానే రేటు కోసం పత్తి ఇంట్లో పోసుకు కూర్చున్న మనిషి, ఇస్తానన్నాడు. రిహార్సలు చూడ్డానికి వచ్చి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇది ఎవరి గురించి రాశావో నాకు తెలుసులే అమ్మాయ్," అని పక్కవీధి వైపు కన్ను గీటాడు. పక్కవీధి రైతు కూడా వచ్చి చూసి ఇదే మాట అని, ఈయన ఇంటివైపు కన్ను గీటి పోయాడు. నేను ఇద్దరికీ తల ఊపాను.

నాటిక వేసేది నాన్నగారి బడి వార్షికోత్సవానికి. ఆ రోజు పెళ్ళాం వేషం వేసే ఆర్టిస్టు మధ్యాహ్నం బస్సులో దిగింది. చేతిలో ఒక రేకు పెట్టె, జడలో వాడిన మల్లెలు. సీజన్లో ఊరూరా ఆడి ఆడి గొంతు కొంచెం బొంగురుపోయింది. ఆవిడని చూడ్డానికి వీధిలో జనం చేరారు గానీ, మంచినీళ్ళు కావాలా అని అడిగినవాళ్ళు లేరు. మా అమ్మ లోపలికి పిలిచి, మా కంచాల్లోనే అన్నం పెట్టింది. ఆవిడ మొదటి ముద్ద కలుపుతూ అడిగిన మొదటి మాట, "మాట అందించేదెవరు?"

"నేనేనండి."

"కొత్త నాటకం. ఒక్క రిహార్సలుతో ఎక్కుతున్నా. నా పరువు నీ నోట్లో ఉంది చెల్లెమ్మా. పక్కతెర చాటున దూరంగా కూర్చోమాక."

అన్నాలయ్యాక ఆవిడే నా చోటు ఎంచింది. బడి బెంచీలన్నీ దగ్గరికి జరిపి, పైన పట్టాలు పరిచి కట్టిన స్టేజీ అది. మధ్యలో, వెనక తెరని ఆనుకుని పత్తి కుప్ప. సరిగ్గా ఆ కుప్ప వెనక, తెర అవతల, నేల మీద స్టూలు వేసి నన్ను కూర్చోబెట్టారు. స్టేజీ నా గడ్డం దాకా వస్తుంది. తెర కాస్త పక్కకి లాగి పెడితే నా ముందంతా తెల్లగా పత్తే. స్టేజీ మీద ఎవరు ఎటు తిరిగినా నా మాట అందుతుంది. బ్రహ్మాండంగా కుదిరింది అనుకున్నాం.

మైకు సెట్టు ఆయనకీ ఒక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. వేషగాళ్ళు ఎక్కువసేపు పత్తి మీద కూర్చుంటారు గాబట్టి ఒక మైకు తెచ్చి ఆ కుప్పలోనే పాతేశాడు. మాకెవరికీ చెప్పలేదు. ఆ వెనకే నేను కూర్చుంటానని మేమూ ఆయనకి చెప్పలేదు.

దీపాల వేళ ప్రార్థన అయింది, పిల్లలకి బహుమతులు అయ్యాయి. మొదటి వరసలో పాస్టరయ్యగారు, ఆయన పక్కన నాన్నగారు. వెనక మిరప కల్లాల నుంచి సరాసరి వచ్చిన కూలీలు, రైతులు. వాళ్ళ బట్టల్లో ఘాటుకి అక్కడక్కడా తుమ్ములు. తెర లేచింది. నేను ఊపిరి పీల్చుకుని, అలవాటు ప్రకారం ఫిట్టరు గారికి మొదటి మాట అందించాను.

"ఏమేవ్, నా మంచం ఎక్కడే!"

ఎదురుగా వేపచెట్టుకి కట్టిన గొట్టం మైకులోంచి అది ఊరంతా మోగింది. నా గొంతే. జనం గొల్లున నవ్వారు. ఫిట్టరు గారికి తేడా తెలీలేదు. తాపీగా మీసం దువ్వుకుని, "ఏమేవ్, నా మంచం ఎక్కడే!" అన్నాడు. ఈసారి నవ్వు రెండింతలు.

నోరు మూసుకున్నాను. ఫిట్టరు గారు ఎదురుచూశాడు, ఎదురుచూసి, నా వైపు వంగి తన గుసగుసతో అడిగాడు. "అందించమ్మా!" ఆ గుసగుస కూడా వేపచెట్టు మీంచే వచ్చింది. ఇక జనాన్ని పట్టలేకపోయారు.

తెర సందులోంచి నాకు పత్తి తప్ప ఏమీ కనపడలేదు గానీ, మొదటి వరస మాత్రం కళ్ళకి కట్టినట్టు కనపడింది. నా గొంతు గుర్తుపట్టని మనిషి ఆ మైదానంలో లేడు. ఆదివారం బడిలో పిల్లలకి కథలు చెప్పే గొంతు. రేపు పొద్దున్నే సంఘం పెద్దలు మా అరుగు మీద కూర్చుని ఉంటారు. రాయడం ఇక ఇంతటితో సరి. లేచి, బడి వెనకనుంచి ఇంటికి పోదామనుకున్నాను. నిజంగా లేచాను కూడా.

అప్పుడు ఆర్టిస్టు అక్క గొంతు వినపడింది, గుండెలు బాదుకుంటున్నట్టు.

"ఏమయ్యోవ్! ఆ లోపల మాట్లాడేది మనమ్మాయి కాదూ? పిల్ల లోపల ముస్తాబవుతోంది, కాస్త ఆగవయ్యా అని చెప్తానే ఉన్నా గదా! చూసుకోకుండా పిల్ల మీదే పోసేశావా పత్తి!"

మైదానం అదిరిపోయింది. ఆ నవ్వుల్లోనే పత్తిలోంచి ఒక చెయ్యి నా వైపు వచ్చింది. గాజుల చెయ్యి, తడుముకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా నొక్కింది. వదల్లేదు. "మాట్లాడు తల్లీ, ఊపిరాడతందా?" అంది పైనుంచి.

ఆ మాట రాసింది కాదు. దానికి జవాబు నా కాగితాల్లో లేదు. కానీ ఆ చెయ్యి అలా పట్టుకుని ఉంటే పారిపోవడం నా వల్ల కాలేదు. ఆవిడ ఎవరు, నేనెవరు? తెల్లారితే ఎక్కాల్సిన బస్సు కోసం చూసుకునే మనిషి, తన డైలాగులే సరిగ్గా రాని నాటకంలో, ఒక పల్లెటూరి పిల్ల పరువు తన భుజం మీద వేసుకుంది. ఆ చేతికి నేను ఈనాటికీ రోజూ దణ్ణం పెట్టుకుంటాను. నోరు తెరిచాను.

"ఆడతందమ్మా! రేటొచ్చిందా?"

ఇంకేముంది, నాటిక నా చేతుల్లోంచి జారిపోయి ఎక్కడికో వెళ్ళిపోయింది. ఫిట్టరు గారికి సంగతి అర్థమై, నేను అందించిన ప్రతి మాటకీ ముందు "మా అమ్మాయి చెప్పినట్టు" అని చేర్చడం మొదలుపెట్టాడు. పెళ్ళిచూపులకి వచ్చినాయన పత్తికి దణ్ణం పెట్టి, "అమ్మాయికి వంటొచ్చాండీ?" అని అడిగాడు. "పొయ్యి కూడా నాతోపాటే ఉందండీ, నిప్పు మాత్రం అడక్కండి," అన్నాను. పత్తి ఇచ్చిన రైతు మధ్యలో లేచి, "ఒరేయ్, తొక్కమాకండిరా, గ్రేడు పోద్ది!" అని అరిచాడు. అది కూడా నాటకంలోదే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. రాత్రుళ్ళు పడుకోబోయే ముందు ఆ చప్పట్లు ఇప్పటికీ అప్పుడప్పుడూ వినపడుతుంటాయి, నవ్వు వస్తుంటుంది.

తెర పడింది. జనం కదల్లేదు. "పత్తిలో పిల్లని చూపించండి! పత్తిలో పిల్ల!" అని కేకలు. అక్క వెనక తెర తప్పించి, "రా చెల్లెమ్మా," అంది. చెమటకి ఆవిడ మొహానున్న రంగు కరిగి చారలు కట్టింది.

"నాన్నగారు స్టేజీ ఎక్కొద్దన్నారండి."

ఆవిడ నన్ను బతిమాలలేదు. ఎవరిళ్ళలో ఏం ఉంటాయో ఆవిడకి తెలుసు. "సరేలే," అని అక్కడే స్టేజీ అంచున కాళ్ళు వేలాడేసుకుని నాకు తోడు కూర్చుంది.

అప్పుడే చీకట్లోంచి చిన్న దగ్గు వినపడింది. మా నాన్నగారి దగ్గు. ముందు వరసలోంచి లేచి, స్టేజీ చుట్టూ తిరిగి వస్తున్నారు. నన్ను ఇంటికి తీసుకుపోవడానికే అనుకున్నాను. లేచి నిలబడి చెప్పులు వేసుకున్నాను. ఆయన వచ్చి కుప్పనీ, స్టూలునీ, నా జుట్టులో దూదినీ చూశారు.

"వాళ్ళు పిలుస్తుంటే ఇక్కడ కూర్చున్నావేం?"

"మీరు ఎక్కొద్దన్నారుగా."

"పిలిస్తే పలకాలి గదమ్మా," అన్నారు, హాజరు వేసేటప్పటి గొంతుతో.

"రేపు ఎవరన్నా ఏమన్నా అంటే?"

"అంటే నాతోనేగా అనేది."

ఆ మాట ఎప్పటిలాగే మెల్లగానే అన్నారు. పక్కన కూర్చున్న అక్కకి కూడా వినపడి ఉండదు. నేను స్టేజీ బెంచీల్లో ఒకదాని మీద కాలు పెట్టబోయాను. "అది కాదు. దాని కాలు ఊగుతుంది," అని పక్క బెంచీ చూపించి, దాని చివర తన కాలు వేసి గట్టిగా తొక్కి పట్టుకున్నారు.

"ఇటెక్కు."

నేను ఎక్కి, కుప్ప దాటి, జనం ముందుకి వెళ్లి నిలబడేదాకా నాన్నగారు ఆ బెంచీ మీంచి కాలు తియ్యలేదని తరవాత అక్క చెప్పింది.