ఫోన్ మీద అరచేయి

గోరంతను కొండంత చేసే మనిషిని నేను. ముందే చెబుతున్నాను, సగం తీసేసి చదవండి.

ఖానాపూర్ పాస్టరుగారు ప్రసంగిస్తే నిర్మల్‌లో కొయ్యబొమ్మలు ఉలిక్కిపడేవి. గొంతు ఆపరేషన్‌లో ఆ స్వరం పోయింది. అప్పటి నుంచి ఆదివారం చెప్పాల్సిన దేవుని వాక్యాన్ని ఫోన్‌లో ఒక్క వేలితో కొట్టి బ్లాగులో పెట్టేవారు. పెట్టేముందు ఫోన్ మీద అరచేయి ఉంచి కళ్లు మూసుకునేవారు.

"ఫోన్‌కు జరమొచ్చిందా అయ్యగారూ?" అన్నాను.

"సదివెటోళ్లకు ఉండొచ్చు గద తమ్మీ" అని టైపు చేసి చూపించారు. మళ్లీ, "అసలు ఎవలన్న సదువుతుండ్రంటవా?" అని కొట్టారు.

"దుబాయ్ దాకా సదువుతుండ్రు, ఫికర్ వద్దు."

ఆ ఎండాకాలమే ఆయన పోయారు. సమాధి చేసి వచ్చి బ్లాగు తెరిచాను. ఆఖరి వాక్యం కింద వేలమంది ఆమెన్ అని రాశారు.

దుబాయీ, ఆ వేలమందీ నేను కల్పించినవే. అక్కడ ఉన్నది ఒక్కటే ఆమెన్. అది ఆయన భార్యది.