దేవరకొండల టేపు వెనక్కి తిప్పిన

పచ్చటి సంసారంల అగ్గి వెట్టాలంటే అగ్గిపెట్టె అక్కర్లేదు, టేపురికార్డర్ మీద ఒక్క మీట సాలు. నమ్మరా? అయితే ఇనుండ్రి.

తొంభైలల్ల నేను ఎమ్మే సదువుతున్న. మొగడు ఊర్లు తిరిగేటోడైతే, ఆలుమగలు ఫోన్ల మాట్లాడుకుంట పిల్లల్ని కలిసి ఎట్ల పెంచుతరన్నది నా పరిశోధన. మా సారు ఒకటే మాట చెప్పిండు. "ఇద్దర్ని ఏరేరుగ అడుగాలె. ఒకరి మాట ఇంకొకరి చెవుల పడొద్దు. పడ్డదా, నీ పరిశోధన మట్టిల కలిసినట్టే."

"గదేం బ్రహ్మవిద్య సార్!" అన్న. అప్పుడు నా తలకాయ నిండ గాలే.

దేవరకొండల యాదమ్మ ఇంటికి వోయిన. ఆమె మొగడు సైదులు లారీ డ్రైవరు. యాడున్నా వారం వారం గల్లీ చివరి ఎస్టీడీ బూతుకు ఫోన్ చేస్తడు. యాదమ్మ కొడుకును సంకనేసుకొని ఉరుకుతది. ఆ పొద్దు సైదులు ఇంటికాడనే ఉన్నడు.

ముందుగాల యాదమ్మను అర్రల కూసోబెట్టి, తలుపేసి, టేపు పెట్టి అడిగిన. ఉన్నదున్నట్టు చెప్పింది. ఆమెను వంటింట్లకు తోలి, అదే క్యాసెట్ మీద సైదులును అడుగుడు షురూ చేసిన.

"పిలగాని పని ఎవరు చూస్తరన్నా?"

"నేనే చెల్లె! ఇంటికొచ్చిన్నంటే తానం నేనే పోస్త, నేనే పండవెడ్త." ఛాతి లారీ బానెట్ లెక్క ముందుకొచ్చింది. "గీ డబ్బాల నా గొంతు మంచిగ పడ్తాందా? జర ఇనిపియ్యి."

గొప్పకు వోయి టేపు వెనక్కి తిప్పిన. శానా దూరం తిప్పిన. మీట నొక్కంగనే యాదమ్మ గొంతు!

"గాయిన తానం పోసుడా? సబ్బు కండ్లల్ల కొడ్తడు, పోరడు ఒర్లంగనే బయటికి ఉరుకుతడు! పండవెట్టుడా? పోరనికంటె ముందు గాయిననే గుర్రు పెడ్తడు!"

సైదులు మొకం మాడిన రొట్టె అయింది. నేను ఆగమాగమై, ఆపబోయి గొంతు పెంచే చక్రం తిప్పిన. ఇంకేముంది, గల్లీ గల్లీ గడప ముంగట నిలవడ్డది. యాదమ్మ గంటె వట్టుకొని ఉరికొచ్చింది. "ఓ పిల్లా, బంద్ వెట్టు!"

"ఉండు," అన్నడు సైదులు. "మొత్తం ఇననియ్యి."

టేపు ఆగకుండ చెప్తాంది. "కని ఒక్కటి చెల్లె. మొన్న ఫోన్ల పోరడు దగ్గంగ ఇన్నడు. లారీ ఇంకొకలకు అప్పజెప్పి బస్సెక్కి వచ్చిండు. దవాఖానల పోరన్ని ఒడిల నుంచి దించలే. గసొంటి నాయిన ఎవరికుంటడు?"

సైదులు యాదమ్మ దిక్కు తిరిగిండు. "గీ మాట నాకెన్నడు చెప్పకపోతివి."

"చెప్తే నెత్తికెక్కి కూసుంటవని," అని యాదమ్మ గంటెను కొంగుల దాసింది.

"చెల్లె, గా ఆఖరి ముక్క మళ్లొకసారి ఎయ్యి," అన్నడు సైదులు.

తెల్లారి బస్‌స్టాండుకు వోతుంటే గల్లీ ఆడోళ్లంత అడ్డం తిరిగిండ్రు. "మా ఇండ్లకు గూడ రా బిడ్డా! మేం చెప్పేది చెప్తం. మా ఆయన ముంగట జర గట్లనే తప్పు మీట నొక్కు!"

ఆడికాడనే, అందరు సూడంగ ఒట్టు వెట్టుకున్న. నా పానమున్నంత కాలం ఆలుమగల నడుమ కూసొని టేపు వెనక్కి తిప్ప. తిప్పక తప్పదంటే, మొగన్ని మెచ్చుకున్న కాడ ఆపుకొని మీట నొక్కుత.