మేతలో కలిసిన తీగ

నా చిన్నప్పుడు, మా ఊరు అంకిసలో నాట్లకు ముందు, మా దాపటెద్దు మేత మానేసింది. వీపు వంచుకుని నిలబడేది. అడుగు వేసినప్పుడల్లా మూలిగేది. అంతకు పదిరోజుల ముందు మా నాయన గడ్డివాము పక్కన కూర్చుని చేపలబుట్టను సన్నటి ఇనుపతీగతో బాగుచేశాడు. తెగిన ముక్కలు ఏరే పని నాకు చెప్పాడు. నేను ఆటకు వెళ్లిపోయాను. అడిగితే ఏరానన్నాను.

ఊరు మాత్రం పక్కింటి పెద్దమ్మను అనుమానించింది. భర్త పోయి ఒంటరిగా ఉండేది. ఒకనాడు కొట్టం దగ్గర ఆగి, "మస్తుగున్నదయ్యా నీ ఎద్దు" అన్నదట. అందుకని బాణామతి చేసిందన్నారు.

సిరోంచ నుంచి పశువుల డాక్టరు వచ్చాడు. ఆయన చేతిలో ఇనుమును కనిపెట్టే మిషిను: పళ్లెమంత తీగచుట్ట, దానికి బ్యాటరీ పెట్టె.

"మెడల గంట ఇప్పున్రి. లేకుంటే దానికే మోగుతది."

వీపు మీద, డొక్క మీద తిప్పితే చప్పుడు లేదు. ముందుకాలి వెనక, ఛాతీ దగ్గరికి రాగానే కీచుమంది. చుట్టలో కరెంటు అటూ ఇటూ మారుతుంటే లోపలి ఇనుములో కరెంటు సుడులు పుడతాయని, ఆ సుడులే తిరిగి చుట్టకు తెలుస్తాయని నాయనకు చెప్పాడు. "ప్రాణహితల సుడి చూసి అడుగున బండ ఉన్నదని పడవాయన చెప్తలేడా? గట్లనే."

గుంపులో ఎవరో అన్నారు: "చూసిన్రా, కడుపుల ఇనుము పెట్టింది. ఇగ మంత్రం గాకుంటే ఏంది?" పెద్దమ్మ తన గడపలో కూర్చుని వింటోంది.

"మేతల పోయింది," అన్నాడు డాక్టరు. "మిషిను ఇనుమున్నదనే చెప్తది. ఏడికెల్లి వచ్చిందో మనిషే చెప్పాలె." ఒక్కొక్కరి మొహం చూస్తూ నా దగ్గర ఆగాడు. నేను తల దించుకున్నాను.

తీగ కడుపులోంచి గుండె దాకా పోయింది, ఎద్దు ఇక దక్కదన్నాడు. ఆ సాయంత్రం పెద్దమ్మ ఇంటి పెంకుల మీద రాళ్లు పడ్డాయి.

మూడోనాడు ఎద్దు చనిపోయింది. అప్పుడు నోరు విప్పాను. నాయన నన్ను కొట్టలేదు. చెప్పులైనా వేసుకోకుండా పక్కింటికి పరుగెత్తాడు. తలుపుకు తాళం ఉంది. ఆమె ముందురోజే పడవెక్కి అవతలి ఒడ్డున తమ్ముడింటికి వెళ్లిపోయింది. నాయన రెండుసార్లు పోయి బతిమాలాడు.

"పోరిని కొట్టకయ్యా," అన్నదట. "నేనైతే రాను."

బడి నోటుబుక్కు చివరి పేజీలో "తీగ ముక్కలు ఏరలేదు" అని రాసుకున్నాను. నా డైరీలు అక్కడే మొదలయ్యాయి. ఉద్యోగం ముగిసి ఏళ్లయినా, ఇప్పటికీ ఏ రోజు పేజీలోనైనా మొదటి వరుస ఆ రోజు చేయకుండా వదిలేసిన పనిదే.