పరదా వెనక మూడు జతలు

మైకక్క నోరు విప్పితే పక్కింటివాళ్ళు టీవీ సౌండ్ పెంచుకోవలసిందే. చారెడు ఉప్పు అడిగినా, చావు కబురు చెప్పినా ఒకటే గొంతు. ఆ పేరు వీధివాళ్ళు పెట్టింది. ఆమె కాదనలేదు. పెళ్ళికి ముందే బట్టల మిల్లులో, మగ్గాల షెడ్డులో పనికి చేరింది. మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆడే ఆ షెడ్డులో పక్కమనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. ఒకరి పెదవులు ఒకరు చూసి మాట పట్టుకోవడమే. జీవితంలో సగం అక్కడే గడిచింది. మగ్గాలకు ఆమె ఇచ్చిన దానిలో చేతుల సత్తువతో పాటు చెవులు కూడా ఉన్నాయి.

పని మానేశాక కూతురు పట్టుబట్టి చెవుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. కూతురు బడిలో లెక్కల టీచరు. ఆ పిల్లతో వాదించి నెగ్గడం కష్టం. డాక్టరమ్మ అద్దాల గదిలో కూర్చోబెట్టి రకరకాల శబ్దాలు వినిపించి, చివరికి చెప్పింది.

"బొంగురు శబ్దాలు బాగానే అందుతున్నాయమ్మా. సన్నటివే పోయాయి. పోయినవి తిరిగి రావు గాని, మిషన్ పెట్టుకుంటే ఉన్నదాంతో చాలా వినొచ్చు."

మిషన్ పెట్టుకుని ఇంటికొచ్చిన సాయంత్రం ఆమె ఒక్కచోట కూర్చోలేదు. కుళాయి చుక్క, తలుపు గడియ, కాగితం నలిగిన చప్పుడు, అన్నీ కొత్తచుట్టాల్లా పలకరించాయి. ముందుగదిలో మొగుడు గుడ్డ కత్తిరిస్తున్నాడు. ఆయన దర్జీ. నోట్లోంచి మాట రావడమంటే బట్టలోంచి సూది తీసినంత జాగ్రత్త.

"ఏమండీ, మీ కత్తెర చప్పుడు చేస్తోందండీ!" అంది మైకక్క.

"మొదట్నుంచీ చేస్తూనే ఉంది."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"చెప్పాను. నీకు వినపళ్ళేదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వులో ఆమెకు ఒక కోరిక పుట్టింది. పాట వినాలి. మాటలు మాత్రమే కాదు, పాటలో ఊపిరి తీసుకోవడం దగ్గర్నుంచి అంతా వినాలి. కూతురు ఫోన్లో ఒక పాత పాట పెట్టింది. రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టుంది. మైకక్క ముఖం చిన్నబుచ్చుకుంది.

"పాట తప్పు కాదమ్మా. ఫోను ఇంతకంటే ఏం పాడుతుంది? మంచి స్పీకర్లు కొందాం" అంది కూతురు.

ఆదివారం మరిది వచ్చాడు. దర్జీకి ఒక్కగానొక్క తమ్ముడు. లారీ ఆఫీసులో పని. మనిషి మంచివాడే గాని, తన ఇంట్లో ఉన్న స్పీకర్ల మీద ఈగ వాలినా ఊరుకోడు. గుర్రం బొమ్మ కంపెనీవి అవి. నడుమెత్తు నల్లటి పెట్టెలు. ఆయన పాట పెడితే వీధి చివర కొట్లో సీసాలు వణికేవి.

"కొంటే గుర్రమే కొనాలి వదినా. మిగతావన్నీ గాడిదలు" అన్నాడు. మళ్ళీ తనే నవ్వుతూ, "అయినా నీకెందుకంత ఖర్చు? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు!" అన్నాడు.

మైకక్క కూడా నవ్వింది. మరిది పరాచికాలు ఆమెకు కొత్త కాదు. కాని ఆయన వెళ్ళాక కాఫీ గ్లాసులు కడుగుతూ, "నా చెవులకు ఏది మంచిదో నా చెవులే చెప్పాలి. ఆయన గుర్రం కాదు" అంది, కుళాయికి చెబుతున్నట్టు.

మర్నాటి నుంచి తల్లీకూతుళ్ళు కొట్లు తిరిగారు. మొదటి కొట్లో కుర్రవాడు గుర్రాన్ని గట్టిగా, పక్కనున్న వాటిని మెల్లగా పెట్టి, "చూశారా తేడా!" అన్నాడు. బేస్ పెంచితే అద్దాలు గిలగిలలాడాయి. మైకక్క చేతులు చెవుల మీదకు వెళ్ళాయి.

"ఇది పాట కాదు నాయనా, షెడ్డు. అక్కణ్ణుంచే వచ్చాను" అని బయటికి నడిచింది.

రెండో కొట్టు పెద్దది, చల్లటిది. కింద మందపాటి తివాచీ, గోడలకు మెత్తలు. అక్కడ నక్షత్రం గుర్తు కంపెనీ స్పీకర్లు వినిపించారు. మైకక్క కళ్ళు మూసుకుంది. పాడే మనిషి ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టే ఉంది. ధర విన్నాక కళ్ళు తెరిచింది.

"ఇంత పోస్తే ఈ గది కూడా ఇస్తారా?" అని అడిగింది. అమ్మే ఆయన నవ్వాడు గాని, ఆమె అడిగింది నిజంగానే.

ఆ ప్రశ్నకు జవాబు మూడో కొట్లో దొరికింది. పాత బజారులో, మెట్లెక్కి వెళ్ళాల్సిన చిన్న కొట్టు. నడిపేది ఒకావిడ. స్పీకర్లు అమ్ముతుంది, చెడిపోయినవి బాగుచేస్తుంది. వీళ్ళు వెళ్ళేసరికి చిరిగిన స్పీకర్ కాగితానికి జిగురు రాస్తోంది. మైకక్క తన గోడు అంతా చెప్పుకుంది. మెట్ల కింద ఉన్నవాళ్ళకు కూడా వినపడింది. ఆవిడ చెయ్యి ఆపకుండా విని, అప్పుడంది.

"మీరడిగింది సరైన ప్రశ్నేనమ్మా. కొట్టు గది వేరు, మీ గది వేరు. ఇంట్లో వినకుండా కొనకండి. ఇంకొకటి, సౌండ్ ఎక్కువున్నదే ఎవరికైనా బాగున్నట్టనిపిస్తుంది. అది చెవి బలహీనత. అన్నిటినీ ఒకే సౌండులో పెట్టి వినాలి. మూడోది, కంపెనీ పేరు కనపడకూడదు. కళ్ళు చూశాయంటే చెవులు వాటి మాటే వింటాయి."

"పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారు" అంది మైకక్క.

"అన్ని పేర్లూ దిబ్బలు కావు. నక్షత్రం నిజంగా గొప్పదే. కాని ఆ తేడాకు అంత పెట్టాలా అన్నది మీరు తేల్చుకోవాలి." అంటూ మూలనున్న ఒక జత చూపించింది. సొరకాయంత పొడవు పెట్టెలు, ముందు ఒక నీలం చుక్క. "ఈ కంపెనీ ప్రకటనలు వెయ్యదు. పెట్టె కొట్టి చూడండి."

మైకక్క వేలు మడిచి కొట్టింది. బోలుగా మోగలేదు, తలుపు చెక్కలా గట్టిగా పలికింది. కొట్టావిడ నీలం చుక్క జతను, తన దగ్గర బాగుచేతకు వచ్చి యజమాని వదిలేసిన నక్షత్రం జతను, పాటను ఒక జత నుంచి ఇంకో జతకు మార్చే మీట ఉన్న పెట్టెతో సహా ఆదివారం దాకా ఇచ్చి పంపింది.

కూతురు వాటిని తెచ్చి, ఇంట్లో చోటు లేక, ఒక్కో జతలో బీరువా మీద ఒకటి, మూల స్టూలు మీద ఒకటి పెట్టింది. పాట మొదలైంది. గొంతు కుండలోంచి వచ్చినట్టు ముద్దగా ఉంది. నక్షత్రం పెట్టినా అంతే. మైకక్క మిషన్ తీసి మళ్ళీ పెట్టుకుంది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. చివరికి మంచం మీద కూలబడింది.

"మరిది అన్నదే నిజమేమోనే. నా చెవులే సరిగా లేనప్పుడు పెట్టెల్ని అని ఏం లాభం? పట్టుకెళ్ళి ఇచ్చేయ్" అంది. ఆ ఇంట్లో ఆమె అంత మెల్లగా మాట్లాడటం అదే మొదటిసారి.

దర్జీ కుట్టుమిషన్ ఆపాడు. లేచి వచ్చి, మెడలో వేలాడే టేపు తీశాడు.

"కొలత తీసుకోకుండా కుడితే చొక్కా అయినా ఇలాగే ఉంటుంది. నువ్వెక్కడ కూర్చుంటావు?"

ఆమె తన కుర్చీ చూపించింది. ఆయన కుర్చీలో కూర్చోబెట్టి, నేల నుంచి చెవి దాకా కొలిచాడు. స్పీకర్లను మూలల్లోంచి లాగి, గోడకు జానెడు దూరంలో, ఒకే ఎత్తు స్టూళ్ళ మీద పెట్టాడు. వాటి మధ్య ఎంత దూరమో, ఆమె నుంచి ఒక్కోదానికి అంతే దూరం ఉండేలా సర్దాడు. వెనక గోడకు కోట్లు కుట్టే మందపాటి గుడ్డ తాను విప్పి వేలాడదీశాడు. కూతురు డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, చెవి మిషన్లో పాటలకు వేరే అమరిక ఉందని చెప్పి, ఎలా మార్చాలో నేర్పింది.

మళ్ళీ పెట్టారు. ఈసారి గొంతు గది మధ్యలో నిలబడింది. చరణానికి ముందు పాడేమనిషి సన్నగా ఊపిరి తీసుకుంది. మైకక్క ఉలిక్కిపడి పక్కకు చూసింది, ఎవరైనా వచ్చారేమోనని. తర్వాత కొంగు నోటికి అడ్డుపెట్టుకుంది. పాట అయ్యేదాకా తీయలేదు.

"రమ్మనవే మీ చిన్నాన్నని" అంది పాటయ్యాక. "గుర్రాన్ని కూడా తోలుకు రమ్మను."

ఆదివారం మధ్యాహ్నం మరిది బండిలో గుర్రాల్ని వేసుకుని, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని దిగాడు. మిల్లులో మైకక్కతో పనిచేసిన ముగ్గురు స్నేహితురాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళలో ఇద్దరికి చెవి మిషన్లు ఉన్నాయి, మూడో ఆవిడ పెట్టుకోవాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తోంది. కూతురు స్పీకర్ల ముందు దుప్పటి పరదా కట్టింది. మూడు జతల సౌండూ ఫోనుతో కొలిచి ఒకే స్థాయికి తెచ్చింది.

"వరస నాకు తప్ప ఎవరికీ తెలీదు. ఒకటి, రెండు, మూడు అని చెప్తాను. నచ్చింది మనసులో పెట్టుకోండి. చివర్లో చేతులెత్తాలి" అంది, బళ్ళో పిల్లలకు చెప్పినట్టే.

ఒక ఆడగొంతు పాట పెట్టింది. తర్వాత వేణువు. ఆ తర్వాత డప్పులున్న పాట. మరిది కాలు ఊపుతూ, కళ్ళు చికిలించి విన్నాడు. రెండోసారి వినిపించమన్నాడు. వినిపించింది.

"ఇంకేం కావాలి! మూడోదే. గుర్రం సంగతి నాకు తెలీదా? ఆ గొంతులో స్పష్టత చూడండి" అని ముందే చెయ్యెత్తేశాడు. ఆయన భార్య కూడా మూడోదానికే ఎత్తింది. మైకక్క మూడు. మిల్లువాళ్ళలో ఇద్దరు మూడు. దర్జీ కాసేపు తల గోక్కుని, మూడు. కూతురు మాత్రం, వరస తెలుసు కాబట్టి తన ఓటు లెక్కలోకి రాదంటూనే, రెండో జతకే ఓటేస్తానంది. మిషన్ లేని స్నేహితురాలు, "మీరేమన్నా అనండి, డప్పు పాటకి మొదటిదే. గుండెల్లో తగిలింది" అంది.

పరదా తీశారు. మొదటిది గుర్రం. రెండోది నక్షత్రం. మూడోది నీలం చుక్క.

మరిది లేచి వెనక్కు వెళ్ళి వైర్లు తడిమి చూశాడు. ఎక్కడా మోసం లేదు. తిరిగొచ్చి నిలబడ్డాడు. ఆయన భార్య అప్పటికే నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది.

"ఇన్నాళ్ళూ వీటిని చెవి కోసిన మేకల్లా అరిపించి మా ప్రాణాలు తీశావు. ఇవాళ నీ చెయ్యే నీమీద సాక్ష్యం చెప్పింది" అంది.

మరిది ముఖం ఎర్రబడింది. మైకక్క ముందుకొచ్చి రెండు చేతులూ జోడించాడు.

"వదినా, శంఖం ఊదింది నేను, చెవిటివాణ్ణీ నేనే. చాలా?"

"చాలదు. ఈ గుర్రాన్ని గోడకు ఆనించి పెట్టావు చూడు, ఇంటికెళ్ళి ముందుకు లాగు. పాపం, అది కూడా మంచిదే. నువ్వే దాన్ని అరిపిస్తున్నావు" అంది మైకక్క. డప్పులు నచ్చిన స్నేహితురాలు, "నేను చెప్పలా!" అని చప్పట్లు కొట్టింది.

నవ్వులు సద్దుమణిగాక ఆ స్నేహితురాలే ఒక మాట అంది.

"షెడ్డులో మనం పాడేవాళ్ళం గుర్తుందా? పెదాలు చూసుకుంటూ, నలుగురం ఒకే పాట. పాటలో ఎవరి గొంతు ఎలా ఉంటుందో ఇప్పటికీ నాకు తెలీదు."

నిజమే. ఏళ్ళ తరబడి రోజూ పాడారు, ఒక్కరోజు కూడా ఒకరి పాట ఒకరు వినలేదు. గంట కొట్టి మగ్గాలు ఆగితే, పాటా ఆగిపోయి ఇళ్ళకు పరుగు.

"అయితే పాడండి" అంది కూతురు, ఫోను మధ్యలో పెట్టి.

మొదట సిగ్గుపడ్డారు. మైకక్క ఎత్తుకుంది. అలవాటు కొద్దీ నలుగురూ ఎదురెదురుగా తిరిగి, ఒకరి పెదవులు ఒకరు చూసుకుంటూనే పాడారు. ఒకరు ముందు, ఒకరు వెనక, ఒకరికి శ్రుతి లేదు, ఒకరికి మాటలు గుర్తులేవు. అయినా చివరిదాకా ఆగలేదు. కూతురు ఆ రికార్డును నీలం చుక్కల్లోకి పంపింది.

నాలుగు గొంతులు గదిలోకి వచ్చి విడివిడిగా నిలబడ్డాయి. ఒకటి బొంగురు, ఒకటి తేనెలా మెత్తన, ఒకటి కీచు, ఒకటి నిండుగా ఉంది. మిషన్ లేని స్నేహితురాలు లేచి, స్పీకర్ దగ్గరకెళ్ళి చెవి ఆనించింది.

"ఈ మెత్తటి గొంతు ఎవరిదే?"

"నీదేనే పిచ్చిదానా!" అన్నారు ముగ్గురూ.

ఆవిడ నమ్మలేదు. కూతురు ఆ ముక్క మళ్ళీ వేసింది. ఆవిడ రెండు చేతులూ పెట్టె మీద వేసి, కళ్ళల్లో నీళ్ళతో నవ్వింది. "నేనింత బాగా పాడతానా? మా ఆయన ఒక్కనాడూ చెప్పలేదు!" అని, వెంటనే, "రేపే ఆ చెవుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళండి నన్ను" అంది. మరిది ముఖం తిప్పుకుని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. దర్జీ తలుపు బార్లా తీశాడు. అప్పటికే పక్కింటివాళ్ళు గుమ్మంలో నిలబడి ఉన్నారు. మళ్ళీ వెయ్యమని అడిగారు.

మర్నాడు మిల్లు స్నేహితురాళ్ళు నలుగురూ కలిసి డాక్టరమ్మ దగ్గరకు, అక్కణ్ణుంచి పాత బజారుకు వెళ్ళారు. మైకక్క మెట్లెక్కుతూనే, "నీలం చుక్కలు నావేనమ్మా, మూట కట్టక్కర్లేదు, ఇంట్లో పాడుతూనే ఉన్నాయి" అంది. కొట్టావిడ జిగురు చేత్తోనే నమస్కారం పెట్టి, ఓట్లు ఎలా పడ్డాయో అడిగింది. నలుగురూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ పని పక్కన పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది.